పురపాలక సంఘములు వాడిన మోటారు వాహనములను కొనుటను గూర్చి
(రాయపుర నగరమునందలి ఆంధ్రుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



ప్రజారోగ్యమును గూర్చిన ప్రసంగములలో విషూచి, మలేరియా, మంచినీరు, పాలు, ఆహారము మొదలగు విషయములు తఱచుగ వినబడుచుండును. లారీల కొనుగోలు ఆరోగ్యశాఖ విషయమెట్లగునని కొందఱకు సంశయము కలుగవచ్చును. కాని వీధిలోని చెత్తను ఎత్తుకొనిపోవునది, కాలువ పూడికను మోయునది, మరుగుదొడ్ల తొట్లను పీల్చి ఖాళీచేయునది, వేసవిలో నీరందని పేటకు మంచినీరు తెచ్చునది, రోగిని వైద్యశాలకు చేర్చునది, ఇవి యన్నియు మోటారు బండ్లే. ఇవి నడచినంతకాలము పౌరుడు వానిని గమనింపడు. అవి నిలిచిన మూడవనాడు దుర్వాసన వచ్చును. పదవనాడు ఈగలు పుట్టును. పిమ్మట వైద్యశాలలో మంచములు చాలవు.

నగరములు విస్తరించుచున్నవి, వాహనముల ధరలు పెరుగుచున్నవి. అందుచేత క్రొత్తబండ్లకు ధనము చాలని సంఘములు, ఇతరులు కొంతకాలము వాడిన బండ్లను కొనవచ్చునాయని యోచించుట సహజము. ఈ ప్రశ్నకు ఒక్కమాటలో ఉత్తరము చెప్పవలెనన్నచో, కొనవచ్చునని చెప్పవలెను. కాని ఏ పనికొఱకు, ఎంత వయస్సుగల బండిని, ఎట్టి పరీక్ష జరిపిన పిమ్మట కొనుచున్నారను దానిమీదనే లాభనష్టము లాధారపడియున్నవి. ధర తక్కువయను ఒక్క కారణముచే కొనిన బండికి మిగిలిన వెలను తుదకు చెల్లించువారు, పేటలోని పసిబిడ్డలును, తొట్టిలోనికి దింపబడు పనివాడును.

నగర పరిస్థితి

రాయపురమున పురపాలక సంఘము 1867 లో నేర్పడినది. 1967 లో నది నగరపాలక సంస్థగ మాఱినది. 2000 సంవత్సరము నవంబరు 1వ తేదిన ఛత్తీసుగఢ రాష్ట్ర మేర్పడగా ఈ నగరము దానికి రాజధాని యయ్యెను. 2011 జనాభా లెక్కలలో నగర జనసంఖ్య పదిలక్షలు దాటినది. 1931 లో విజయనగరము నుండి పార్వతీపురము మీదుగ రాయపురమువఱకు రైలుమార్గము పూర్తియైన నాటినుండి ఆంధ్రదేశమునకును ఈ పట్టణమునకును రాకపోకలు సులభమైనవి. తెలుగు కుటుంబములు పెక్కు ఇచ్చట స్థిరపడినవి. వారి ఇండ్లయెదుట నిలుచు చెత్తబండి విషయము వారికిని సంబంధించినదే.

పూర్వము పట్టణములలో చెత్తను ఎడ్లబండ్లమీద తోలెడివారు. ఒక ఎద్దు కుంటినచో ఒక వీధికే నష్టము. ఇప్పుడు ఒక్క లారీ ఎన్నియో వీధుల చెత్తను మోయుచున్నది. పని వేగమైనది, కాని ఒక్క యంత్రము చెడినచో ఒక పేట అంతయు నిలిచిపోవును. ఇది యంత్రయుగపు కొత్త అపాయము. పాతబండిని కొనువారు మొదట తెలిసికొనవలసిన సంగతి ఇదియే.

నిలిచిన బండివలన కలుగు కీడు

ఉష్ణదేశములలో తడిచెత్త శీఘ్రముగ కుళ్లును. ఆడు ఈగ ఒక్కమాఱు సుమారు నూఱు మొదలు నూట యేబదివఱకు గ్రుడ్లను పెట్టును. వేసవిలో ఆ గ్రుడ్లు ఒక దినములోనే పొదిగి పురుగులగును. వారము పదిదినములలో ఈగలై ఎగురును. చెత్తను రెండు మూడు దినముల కొకమాఱైన తప్పక తీయవలెనని ఆరోగ్యాధికారులు పట్టుపట్టుటకు కారణమిదియే. పురుగు ఈగగా మాఱుటకు పూర్వమే చెత్త ఊరు దాటవలెను. బండి వారము దినములు కర్మాగారమున పడియుండినచో ఒక తరము ఈగలు పుట్టి వంటయిండ్లలోనికి ప్రవేశించును.

చెత్తలారీ తొట్టెయడుగు తుప్పుపట్టి చిల్లులు పడినచో మఱియొక కీడు గలదు. కుళ్లిన చెత్తనుండి నల్లని రసము కారును. అట్టి లారీ చెత్తను ఊరిబయటికి తీసికొనిపోవుచు, దాని విషమును మాత్రము దారిపొడవున వీధులలో వదలుచు పోవును. వానకాలమున ఆ రసము కాలువలలోనికి, కాలువలనుండి చెఱువులలోనికి చేరును. బూఢాతాలాబు, తేలీబాంధా మొదలగు చెఱువులుగల నగరమున ఇది చిన్న విషయము కాదు.

అన్నిటికంటె ఘోరమైనది మురుగు పీల్చెడి లారీ చెడిపోవుట. ఈ లారీమీద గల పంపు తొట్టెలోని గాలిని తీసివేసి, గొట్టముద్వారా మలినమును పైకి లాగును. పంపు బలహీనమైనచో పలుచని నీరు మాత్రమే వచ్చును. అడుగున పేరుకొనిన చిక్కని మడ్డి రాదు. అప్పుడు గుత్తదారు ఒక పేదవానిని పారయిచ్చి లోపలికి దిగుమనును. సెప్టిక్ ట్యాంకులో హైడ్రోజను సల్ఫైడు అను విషవాయువు నిలిచియుండును. అది గాలికంటె బరువైనది. మొదట కుళ్లిన గ్రుడ్డు వాసన వచ్చును. వాయువు అధికమైనచో ముక్కు వాసన నెఱుగు శక్తిని కోల్పోవును. వాసన పోయినదని సంతసించి దిగినవాడు కొన్ని నిముషములలో కూలును. వానిని రక్షింపదిగిన రెండవవాడును, మూడవవాడును అట్లే కూలుట తఱచుగ జరుగుచున్నది.

మనుష్యునిచేత ఇట్టి పని చేయించుట నేరము. మాన్యువల్ స్కావెంజర్ల నియామక నిషేధ, పునరావాస చట్టము 2013 లో చేయబడినది. తగిన రక్షణలేక మురుగుకాలువలలోనికి, తొట్లలోనికి మనుష్యుని దింపినవారికి మొదటి నేరమునకే రెండు సంవత్సరములవఱకు చెఱసాల గాని, రెండు లక్షల రూపాయలవఱకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఇట్లు మరణించినవారి కుటుంబమునకు పదిలక్షల రూపాయలు చెల్లింపవలెనని సుప్రీముకోర్టు 2014 లో తీర్పుచెప్పినది. 2023 అక్టోబరులో ఆ మొత్తమును ముప్పది లక్షలకు హెచ్చించినది. పంపు పరీక్ష చేయక చౌకగ కొనిన లారీవలన మిగిలిన ధనమంతయు, ఒక్క మరణముతో పోవును. పోయిన ప్రాణమునకు లెక్కయే లేదు.

పదునైదేండ్ల నియమము

వాడిన బండ్లను కొనదలచు సంఘములు ముఖ్యముగ తెలియవలసిన నియమ మొకటి కలదు. కేంద్రప్రభుత్వము 2023 జనవరిలో మోటారు వాహన నియమములకు ఒక సవరణను ప్రకటించెను. అది 2023 ఏప్రిలు 1వ తేదినుండి అమలునకు వచ్చినది. దాని ప్రకారము కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములకు, నగరపాలక పురపాలక సంఘములకు, ప్రభుత్వరంగ సంస్థలకు చెందిన వాహనములు పదునైదేండ్లు నిండిన పిమ్మట రిజిస్ట్రీని కోల్పోవును. దేశరక్షణకును, శాంతిభద్రతలకును ఉపయోగించు ప్రత్యేక వాహనములకు మాత్రమే మినహాయింపు గలదు. చెత్తబండికి మినహాయింపు లేదు. గడువు తీఱిన బండిని రిజిస్ట్రీ పొందిన తుక్కుశాలకు అప్పగింపవలెను.

ఈ పదునైదేండ్లు సంఘము కొనిన దినమునుండి లెక్కింపబడవు. బండి మొట్టమొదట రిజిస్ట్రీయైన నాటినుండియే లెక్కింపబడును. ఒక వర్తకుని చేతిలోనుండగా పదునాలుగేండ్ల లారీకి యోగ్యతాపత్రము దొరకి ఇంకను కొంతకాలము తిరుగవచ్చును. దానినే నగరసంస్థ కొనినచో ఒక్క సంవత్సరములో తుక్కునకు పంపవలసివచ్చును. అమ్మువాడు "ఇంజను బాగున్నది, ఇంకను పదేండ్లు నడచును" అని చెప్పిన మాట అతనిపట్ల సత్యమైనను, సంఘముపట్ల సత్యము కాదు.

మఱియు ఎనిమిదేండ్లవఱకు బాడుగబండ్లకు రెండేండ్ల కొకమాఱును, ఆ పిమ్మట ఏటేటను యోగ్యతాపరీక్ష జరుగవలెను. బండి ఇతర రాష్ట్రమునుండి వచ్చినచో, అచ్చటి రిజిస్ట్రీ అధికారి ఇచ్చు నిరభ్యంతర పత్రమును తప్పక పొందవలెను. పండ్రెండు మాసములకు మించి ఇచ్చట నుంచినచో క్రొత్త సంఖ్యను తీసికొనవలెను. అప్పుతీఱలేదని బ్యాంకు పట్టుగల బండి, పన్ను బాకీగల బండి, బీమా లేని బండి, వీనిలో దేనిని కొనినను పని మొదలుకాకమునుపే వ్యాజ్యము మొదలగును. బీమాలేని పురపాలక లారీ ఎవనినైన ఢీకొన్నచో నష్టపరిహారము ప్రజల పన్నునుండియే పోవలెను.

లెక్కవేయు పద్ధతి

కొనుగోలు సంఘములలో సభ్యులు సాధారణముగ బండి వెలనే పోల్చుచుందురు. అది సరియైన కొలత కాదు. బండి పనిచేయు ఒక్కొక్క దినమునకు ఎంత వ్యయమగుచున్నదో చూడవలెను. ఈ క్రింది అంకెలు లెక్క తెలియుటకై కల్పింపబడినవి. ఏ నగరపు ఖాతానుండియు తీసినవి కావు. చమురు, తోలువాని జీతము అన్ని బండ్లకును ఒక్కటే యనుకొని విడువబడినవి.

మొదటిది క్రొత్త లారీ. వెల 20 లక్షల రూపాయలు. పనిచేయు కాలము 15 ఏండ్లు. ఏటికి 330 దినములు నడచును. మరమ్మతులకు ఏటికి సగటున ఒక లక్ష. మొత్తము వ్యయము 35 లక్షలు, పనిదినములు 4,950. దినమునకు సుమారు 707 రూపాయలు.

రెండవది తొమ్మిదేండ్లు నడచిన లారీ. వెల 8 లక్షలు; మిగిలిన కాలము 6 ఏండ్లు; ఏటికి 240 దినములు మాత్రమే నడచును; మరమ్మతులకు ఏటికి 2 లక్షలు. మొత్తము వ్యయము 20 లక్షలు, పనిదినములు 1,440. దినమునకు సుమారు 1,389 రూపాయలు. సగము వెలకంటె తక్కువకు దొరకినదని సంతోషించిన బండి, దినము లెక్కన క్రొత్తదానికి దాదాపు రెట్టింపు ఖరీదైనది. అదిగాక ఏటికి 125 దినములు పేట చెత్త పేటలోనే యుండినది. ఆ నష్టము ఏ ఖాతాలోను వ్రాయబడదు.

మూడవది నాలుగేండ్లు మాత్రము నడచి, శ్రద్ధగల యజమానిచే పోషింపబడిన లారీ. వెల 10 లక్షలు. మిగిలిన కాలము 11 ఏండ్లు. ఏటికి 310 దినములు నడచును. మరమ్మతులకు ఏటికి 1 లక్ష 30 వేలు. మొత్తము 24 లక్షల 30 వేలు, పనిదినములు 3,410. దినమునకు సుమారు 713 రూపాయలు. ఇది క్రొత్త లారీతో ఇంచుమించు సమానము. పైగా మొదట కావలసిన పెట్టుబడి సగమే గావున, బీదసంఘము ఒక్క బండికి మాఱుగ రెండు బండ్లను కొనగలుగును.

దీనినిబట్టి వాడినబండి యనగనే చెడ్డదని త్రోసివేయుటయు తప్పే, చౌకయని యెగబడుటయు తప్పేయని శ్రోతలు గ్రహింపవచ్చును. బండి వయస్సును, అది నిలిచిపోవు దినములను లెక్కలో చేర్చని బేరము బేరమే కాదు.

ఏ పనికి ఏ బండి

నగర వాహనములను మూడు తరగతులుగ విభజింపవచ్చును.

మొదటి తరగతిలోనివి, ఒకటి రెండు దినములు ఆలస్యమైనను ప్రాణహాని లేనివి. కూలగొట్టిన ఇండ్ల మట్టి, ఇటుక ముక్కలు, కొట్టిన చెట్లకొమ్మలు, రోడ్డు కంకర మొదలగువానిని మోయు లారీలు ఈ తరగతివి. వీనికి వాడినబండ్లను కొనుటలో దోషములేదు.

రెండవ తరగతి చెత్తబండ్లు. వీనిని వాడినవి కొనవచ్చును గాని, ప్రతి అయిదారు బండ్లకు ఒక బండి చొప్పున మాఱుబండిని సిద్ధముగ నుంచుకొనవలెను. కొనుటయందు మిగిలిన ధనములో ఆ మాఱుబండి వెలను ముందుగనే తీసియుంచని సంఘము, వాడినబండ్ల జోలికి పోకుండుటయే మేలు. మఱియు అన్నియు ఒకే మాదిరి బండ్లుగ నుండవలెను. 1950–60 దశకములలో లండను నగరము తీసివేసిన రెండంతస్తుల బస్సులను సింహళదేశము పెద్దసంఖ్యలో కొని నడపెను. ఒకే మాదిరి బండ్లు అనేకముగ నున్నచో, విడిభాగములను నిలువయుంచుటకును, పనివారికి నేర్పుటకును, ఒక చచ్చినబండి భాగములతో మఱియొకదానిని బ్రతికించుటకును వీలగును. ఏడు రకముల బండ్లను ఏడుచోట్ల కొనిన సంఘపు కర్మాగారము మందుల దుకాణములేని వైద్యశాలవంటిది.

మూడవ తరగతిలోనివి రోగిని మోయు బండి, మురుగు పీల్చెడి లారీ, మంచినీటి ట్యాంకరు. వీనిని సాధ్యమైనంతవఱకు క్రొత్తవిగనే కొనవలెను. రోగిని మోయుచు దారిలో నిలిచిన బండి వైద్యశాలకు ఎంతదూరమున నిలిచినను ఒక్కటే. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2020 జులై 1వ తేదిన విజయవాడలో 108, 104 సేవలకై 1,088 వాహనములను ఒక్కదినముననే ప్రారంభించినది. పాతబండ్లను ఒక్కటొక్కటిగ మాఱ్చుటకంటె ఒక్కమాఱుగ క్రొత్తవానిని దింపుటయందు, మరమ్మతు పద్ధతి అంతటను ఒక్కటిగ నుండు సౌకర్యము గలదు.

బండి పూర్వచరిత్ర

మంచినీటి ట్యాంకరు విషయమున మఱియొక హెచ్చరిక అవసరము. 2020 వేసవిలో రాయపురములోని కొన్ని పేటలలో కామెర్లు వ్యాపించినవి. మలినము కలిసిన నీటివలన వ్యాపించు కామెర్ల విషయమున గొట్టములెంత ముఖ్యమో, గొట్టములు పాడైనప్పుడు నీరుతెచ్చు బండియు అంత ముఖ్యము. బజారులో దొరకు పాత ట్యాంకరు ఇంతకుమునుపు ఏమి మోసినదో దాని రంగునుబట్టి తెలియదు. మురుగునీరు, రసాయన ద్రవ్యములు, నూనెలు మోసిన తొట్టెను ఎంత కడిగినను మంచినీటికి వాడరాదు. అమ్మువాడు పూర్వపు ఉపయోగమును వ్రాతమూలకముగ చూపలేనిచో, ఆ ట్యాంకరును చెట్లకు నీరుపోయుటకును, ధూళి అణచుటకును మాత్రమే వాడవలెను. దానిమీద "త్రాగు నీరు కాదు" అని హిందీలోను, చదువురానివారికి తెలియు గుర్తుతోను వ్రాయింపవలెను. మంచినీరు తెచ్చు తొట్టెలోపల తుప్పుండరాదు. మూత బిగువుగ నుండవలెను. కొళాయివద్ద పట్టిన నీటిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తక్కువకాకుండ క్లోరిను మిగిలియుండవలెను.

కొనుటకు ముందు చేయవలసిన పరీక్షలు

చట్రముమీదను ఇంజనుమీదను చెక్కిన సంఖ్యలను రిజిస్ట్రీ పత్రముతోను, కేంద్రప్రభుత్వపు వాహన పట్టీతోను పోల్చిచూచుట అందఱెఱిగినదే. తెలియనిది వేఱొకటి గలదు. అమ్మువాడు మైళ్లలెక్క చూపు గడియారమును చూపి "ఈ బండి ఎక్కువ తిరుగలేదు" అని చెప్పును. అతడు ఆ గడియారమును తిప్పియుండకపోయినను ఆ మాట మోసమే. ఏలయన చెత్తను నొక్కు లారీయు, మురుగు పీల్చు లారీయు నిలిచియుండియే పనిచేయును. చక్రములు తిరుగకున్నను ఇంజను గంటలతరబడి తిరుగుచుండును. కావున మైళ్లు కాక, ఇంజను పనిచేసిన గంటలు చూడవలెను. గంటల మీటరు లేనిచో పాత యజమాని చమురు ఖాతాను అడుగవలెను. అది కూడ చూపనివానివద్ద కొనరాదు.

మురుగులారీ పంపును నీటితో కాక, అసలు మడ్డితో పరీక్షింపవలెను. తొట్టెలో గాలి తీసిన పిమ్మట పంపు నాపి, గడియారము చూచుచు మీటరు ముల్లు నిలుచుచున్నదో, పడిపోవుచున్నదో గమనింపవలెను. ముల్లు త్వరగ పడినచో తొట్టెకు గాని, మూతలకు గాని చిల్లున్నదని తెలియును. చెత్తలారీ తొట్టెను నీటితో నింపి అడుగున తడి కనబడునేమో చూడవలెను. బ్రేకులను ఖాళీబండితో గాక నిండుబండితో పరీక్షింపవలెను. బండి వెనుక నిలుచు పనివారి మెట్లు, పట్టుకమ్ములు, వెనుకకు నడచునప్పుడు మ్రోగు గంట సరిగ నున్నవో చూడవలెను. ఈ పరీక్షలను అమ్మువానితో సంబంధములేని యంత్రకారుడు చేసి సంతకము చేయవలెను. రేపు ఆ బండిని తోలబోవు డ్రైవరును, దానిమీద పనిచేయబోవు కూలియు ఆ సమయమున అచ్చట నుండవలెను. బండి లోపము మొదట తెలియునది వారికే.

పొగ

రాయపుర వాయువు విషయమై ప్రభుత్వము చాలకాలమునుండి చింతించుచున్నది. 2014 లో ప్రపంచారోగ్య సంస్థ ప్రకటించిన పట్టికలో సూక్ష్మధూళి అధికముగ గల నగరములలో రాయపురము ముందువరుసలో నుండినది. 2019 జనవరిలో ప్రారంభమైన జాతీయ శుద్ధవాయు ప్రణాళికలో రాయపురమును, భిలాయియు, కోర్బాయు చేర్చబడినవి. డీజిలు పొగ మనుష్యులకు క్యాన్సరు కలిగించునదని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2012 జూనులో నిర్ణయించినది.

లారీ పుట్టిన సంవత్సరము దాని పొగను తెలుపును. 2017 ఏప్రిలు 1వ తేదినుండి దేశమంతటను నాల్గవ స్థాయి భారత్ ప్రమాణమును, 2020 ఏప్రిలు 1వ తేదినుండి ఆఱవ స్థాయి ప్రమాణమును అమలునకు వచ్చినవి. ఆఱవ స్థాయి లారీలలో పెక్కింటికి మసిని ఆపు జల్లెడయు, యూరియా ద్రావణముతో విషవాయువును తగ్గించు సాధనమును ఉండును. కొందఱు ఖర్చు తప్పించుకొనుటకు వానిని తీసివేసి అమ్మెదరు. చెత్తబండి రాజమార్గముననే కాక సందులలో, బడుల యెదుట, ఇండ్ల గడపల యెదుట ఇంజను ఆపక నిలుచును. కావున దాని పొగవలని హాని దూరపు ప్రయాణపు లారీకంటె ఎక్కువ. 2020 కు పూర్వపు బండ్లను ఇరుకు పేటలకు పంపకుండుట మేలు.

పాతబండ్ల శ్మశానము

వాడినబండ్లను కొనిన సంఘములకు తుదకు మిగులునది చచ్చినబండ్ల దొడ్డి. ఆ దొడ్డిలో పడియున్న టైర్లలో, తొట్లలో, విరిగిన తలుపుల పల్లములలో వాననీరు నిలుచును. డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు దోమకు ఇంతకంటె అనుకూలమైన స్థలము లేదు. దాని గ్రుడ్లు నీరెండిపోయినను నెలలతరబడి చావక, మరల వానపడగనే పొదుగును. పాతటైర్లవెంట ఈ జాతి దోమ ఒకటి సముద్రములు దాటిపోయినది. 1985 లో అమెరికాలోని హ్యూస్టను నగరమున అది స్థిరపడుట కనుగొనబడెను. రాయపురమునకు పొరుగుననున్న భిలాయిలో 2018 లో డెంగ్యూ ప్రబలి ప్రాణనష్టము కలిగించిన సంగతి ఈ ప్రాంతమువారు మఱువలేదు. దోమలు పెరుగుచున్నవని పౌరులకు జుల్మానా విధించు సంఘము, మొదట తన దొడ్డిని చూచుకొనవలెను. పనికిరాదని నిశ్చయింపబడిన బండిని వానకాలమునకు పూర్వమే తుక్కుశాలకు పంపవలెను. టైర్లను కప్పు క్రింద నుంచవలెను.

లారీయే కావలెనా

ధనము చాలనిచోట వాడినబండియొక్కటే మార్గమని యనుకొనరాదు. ఈ రాష్ట్రములోనే అంబికాపుర నగరమున 2015 నుండి స్త్రీల సంఘములు మూడుచక్రముల రిక్షాలతో ఇంటింటికి పోయి చెత్తను సేకరించి, వేఱుపఱచి, అమ్మదగినదానిని అమ్ముచున్నవి. పూర్వము చెత్తకుప్పగ నుండిన స్థలము అచ్చట తోటయైనది. రిక్షా చెడినచో గంటలో బాగగును, పొగ లేదు, పదునైదేండ్ల నియమముతో పనిలేదు. హైదరాబాదు జలమండలి 2017 లో ఇరుకు సందులలోనికి పోగల 70 చిన్న మురుగుయంత్రములను ప్రవేశపెట్టినది. పెద్దలారీ పోలేని సందులోనే మనుష్యుని దింపుట జరుగును గావున, ఒక పెద్ద పాతలారీకంటె రెండు చిన్న క్రొత్తయంత్రములు ప్రాణరక్షణకు మేలైనవి.

పౌరుల కర్తవ్యము

కొనుగోలు జరిగిన దినమున బండ్లకు పూలమాలలు వేసి, కొబ్బరికాయలు కొట్టుట ఆచారము. ఆ తరువాత ఆ బండి ఎన్నిదినములు నడచినదో అడుగువారుండరు. ప్రతి వార్డులోను ఒక చిన్న పుస్తకముంచి, బండి వచ్చిన దినమును, రాని దినమును గుర్తించుట కష్టము కాదు. చదువుకొనిన బాలిక యొకతె చాలును. సంవత్సరాంతమున ఆ పుస్తకమును తమ వార్డు సభ్యునకు చూపి, "ఈ బండి ఇన్ని దినములు నిలిచినది, దీనిని ఎంతకు కొంటిరి, మరమ్మతుల కెంతయైనది?" అని అడుగవలెను. ఆ ప్రశ్న అడుగబడునని తెలిసిన నాడు కొనుగోలు సంఘము తొమ్మిదేండ్ల బండిని మఱియొకమాఱు చూచును.

ఇంటివద్ద తొట్టి నిండినప్పుడు, పంపులారీ రాలేదని మనుష్యుని పిలిపించుటకు ఏ గృహస్థుడును అంగీకరింపరాదు. లారీ బాగై వచ్చువఱకు రెండుదినములు కష్టపడుట మేలు. అప్పుడు దిగుమని చెప్పినవాడు గుత్తదారే యైనను, పిలిచినవాడు గృహస్థుడే.

వాడిన వస్తువును కొనుట తప్పు కాదు. పెద్దన్న పుస్తకమును తమ్ముడు చదువును. తల్లి చీరను కూతురు కట్టును. కాని తండ్రి వాడిన కండ్లజోడును పరీక్షింపక కుమారునికి పెట్టరు. నగరమునకు బండిని కొనువారు ఆపాటి జాగ్రత్తను వహించినచో, ప్రజల ధనమును, పనివారి ప్రాణములును, బిడ్డల ఆరోగ్యమును కాపాడినవారగుదురు.